ఒంటిదిబ్బ దివ్వెమేడ

పడవ మునిగిపోతోందన్న సంగతి గంగులు వెంటనే ఒప్పుకోలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినప్పుడు "కాస్త తడిసింది" అన్నాడు. నడుము దాకా వచ్చినప్పుడు "బరువెక్కింది" అన్నాడు. చివరికి ఒక తెడ్డూ, తన తలపాగా మీద కట్టుకున్న అన్నం మూటా, తామిద్దరూ తప్ప నీటిపైన మరేమీ మిగలనప్పుడు, "ఇక ఈదుదాం నాయనా, పొద్దుపోతుంది" అన్నాడు.

శరభుడు మారుమాట లేకుండా ఈదాడు. అతడు కంచరివాడు. రత్నకూట నగరంలో మూడు తరాలుగా గుడిగంటలూ కోట తలుపులూ పోతపోసిన ఇంట పుట్టినవాడు. ఏట్లో నేర్చుకున్న ఈత సముద్రంలో పనికొస్తుందో రాదోనని అతనికి నిన్నటిదాకా ఒక అనుమానం ఉండేది. అది తీరింది.

వాళ్ళిద్దరూ ఆ నీళ్ళలో ఎందుకున్నారో చెప్పాలి. రత్నకూటాన్ని కరాళకేతుడనే మాంత్రికుడు ఆక్రమించి, మహీపాల మహారాజును ఆయన చెరసాలలోనే బంధించి, ఆయన సింహాసనం మీదే కూర్చున్నాడు. రాకుమారి కువలయ మేనమామ దగ్గరికి వెళ్ళి పదకొండు ఓడలూ రెండువేలమంది సైనికులనూ సంపాదించుకుని తండ్రిని విడిపించడానికి బయలుదేరింది. కోటలోకి సముద్రం వైపునుంచి ఒక దొంగదారి ఉంది. దాని కంచుతలుపు పోసింది శరభుడి తండ్రి. ఆయన పోయాక ఆ తలుపు తెరిచే ఒడుపు తెలిసినవాడు భూమి మీద శరభుడొక్కడే. అందుకని రాకుమారి అతణ్ణి వెంటపెట్టుకుంది.

దారిలో రంపాలరాళ్ళు ఉన్నాయి. పేరు పెట్టినవాడు పెద్దగా ఆలోచించలేదు. అవి రంపాల్లాగే ఉంటాయి, రంపాలు చేసే పనే చేస్తాయి. ఓడలకంటే ముందు వెళ్ళి వాటి మధ్య దారి చూసి రమ్మని కువలయ శరభుణ్ణీ, ఆ నీళ్ళెరిగిన ముసలి సరంగు గంగుల్నీ చిన్న పడవలో పంపింది. "నేను శంఖం మూడుసార్లు ఊదుతాను. దారి క్షేమమైతే ఒకసారి ఊదండి. కాకపోతే రెండుసార్లు" అంది.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం వేళ, ఎండ నడినెత్తిన ఉండగా, సముద్రం మీద తెల్లటి మంచు లేచింది. ఎండాకాలపు మధ్యాహ్నం మంచు పడదు. అది కరాళకేతుడి పనేనని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ముంజేతిని ముఖం ముందు పెట్టుకుంటే కనబడనంత మంచులో పడవ మొదటి రాయికే తగిలింది. శంఖం పడవతోపాటు అడుక్కి పోయింది.

ఘడియసేపు ఈదాక కాళ్ళకు ఇసుక తగిలింది. ఇద్దరూ ఒడ్డెక్కి కూర్చుని ఉప్పునీళ్ళు ఉమ్మేశారు.

"ఇదేం దీవి తాతా?" అన్నాడు శరభుడు.

"ఒంటిదిబ్బ" అన్నాడు గంగులు. అని తల దించుకుని అన్నం మూట చెమ్మ తగిలిందేమోనని తడిమి చూసుకున్నాడు. మైనపుగుడ్డలో కట్టడం వల్ల అది క్షేమంగానే ఉంది.

ఒడ్డున మంచు కాస్త పలచగా ఉంది. శరభుడు తలెత్తి చూశాడు. దీవి నడుమ, నల్లరాతి గుట్ట మీద, ఆకాశాన్ని మోయడానికి నిలబెట్టిన స్తంభంలా ఏడంతస్తుల మేడ ఒకటి లేచి ఉంది. అడుగున పదహారు పలకల పీఠం, పీఠం చుట్టూ తిమింగలాల వీపులమీద నిలబడ్డ రాతి ఏనుగులు, ఏనుగుల కుంభస్థలాల మీద కాళ్ళూనిన సింహపు మొహాల యాళులు, ఆపైన అంతస్తుకొక వరసన శంఖాలూ పద్మాలూ చెక్కిన కంఠహారాలు, అన్నిటికీ పైన ఎనిమిది కంచుస్తంభాల మంటపం. ఒకప్పుడు దాని వెలుగు పన్నెండు ఆమడల దూరం కనబడేదట. ఇప్పుడు ఏనుగులకు తొండాల్లేవు, యాళుల నోళ్ళలో పక్షులు గూళ్ళు పెట్టాయి, కంచుస్తంభాలు చిలుముపట్టి పచ్చగా పాచిలా ఉన్నాయి. మేడ గోడల నిండా రెట్టలు తెల్లటి చారలుగా దిగివున్నాయి. శిల్పి ఉద్దేశించని అలంకారమే అయినా అది బాగా కుదిరింది.

"దివ్వెమేడ" అన్నాడు గంగులు. "పన్నెండేళ్ళయింది వెలిగి."

"ఇప్పుడు వెలిగిస్తే?"

గంగులు మైనపుగుడ్డలోంచి ఒక చుట్ట తీసి నోట పెట్టుకుని, చెకుముకిరాయి కొట్టాడు. నిప్పు రాలేదు. మళ్ళీ కొట్టాడు. పది దెబ్బలు కొట్టినా ఒక్క రవ్వ రాలలేదు. శరభుడు తీసుకుని కొట్టాడు. పుట్టినప్పటినుంచి నిప్పుతో బతికినవాడు. అతని చేతిలోనూ రాయి రాయిలాగే ఉండిపోయింది.

"చూశావుగా" అన్నాడు గంగులు, చుట్ట మళ్ళీ మూటలో పెట్టుకుంటూ. "మంత్రగాడు ఈ మేడ దీపాన్నే కట్టేశాడని విన్నాను. అది చెరలో ఉన్నంతకాలం ఈ దిబ్బ మీద మరో నిప్పు పుట్టదు."

"కట్టేసి ఎక్కడ పెట్టాడు?"

"పెట్టినచోట కాపలా ఉండకపోదు. కాపలావాణ్ణి అడుగుదాం."

ముసలాడు మాటవరసకన్నాడు. శరభుడు నిజంగానే లేచి మేడవైపు నడిచాడు.

మేడ వాకిలికి తలుపు లేదు. లోపలికి అడుగుపెట్టగానే చీకట్లో రెండు తాటిమానులు మడిచి పెట్టినట్టు కనిపించాయి. అవి మానులు కావు, మోకాళ్ళు. వాటి వెనక ఒక రాక్షసుడు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు పైకప్పుకు ఆనుతున్నాయి. గడ్డం నేల మీద చాపలా పరుచుకుంది, అందులో రెండు పీతలు కాపురమున్నాయి. కళ్ళు రెండూ కొలిమిలో ఆరిపోతున్న బొగ్గుల్లా ఎర్రగా, అలసటగా ఉన్నాయి.

"ఎవరది?" అన్నాడు రాక్షసుడు. "నాకు ఆహారంగా వచ్చారా, పనిమీద వచ్చారా? ముందే చెబితే ఇద్దరికీ శ్రమ తప్పుతుంది."

"పనిమీదే" అన్నాడు శరభుడు.

రాక్షసుడు గబుక్కున లేవబోయాడు. తల కప్పుకు తగిలి మళ్ళీ కూలబడ్డాడు. పైనుంచి గుప్పెడు సున్నం రాలింది. "నా బదులు వచ్చినవాడివా?" అన్నాడు. అంత పెద్ద గొంతు కాస్త వణికింది. "అయ్యవారు పంపారా?"

శరభుడికి అప్పటిదాకా అలాంటి ఆలోచన లేదు. కానీ వడ్డించిన విస్తరి ముందు కూర్చుని ఆకలి లేదనడం అతని వంశంలో లేదు.

"ఈ దిబ్బ మీదికి మరెందుకొస్తారు ఎవరైనా?" అన్నాడు.

"ఆరు నెలలన్నాడు" అన్నాడు రాక్షసుడు. "దీర్ఘజంఘా, ఆరంటే ఆరే నెలలు కూర్చో, మరొకణ్ణి పంపుతాను అన్నాడు. పన్నెండేళ్ళు పీతల్ని తిన్నాను. ఇప్పుడు నాకు పీతలంటే కోపం కూడా రావడం లేదు." ఉన్నట్టుండి అతని కళ్ళు చిన్నవయ్యాయి. "సరే, సంకేతవాక్యం చెప్పు."

గంగులు మెల్లగా వాకిలివైపు జరిగాడు. శరభుడు జరగలేదు.

"ఏది?" అన్నాడు. "పాతదా, మార్చిన తరవాతదా?"

"మార్చారా?"

"నీకు చెప్పలేదూ?"

రాక్షసుడు చాలాసేపు నేలకేసి చూశాడు. "నాకెవరు చెబుతారు" అన్నాడు చివరికి. "ఇక్కడున్నవాణ్ణి ఎవరు తలుచుకుంటారు. ఎన్నిసార్లు మార్చారు?"

"నాలుగుసార్లు" అన్నాడు శరభుడు.

ఆ అంకె విన్నాక దీర్ఘజంఘుడు ఇంకేమీ అడగలేదు. గడ్డం లోపలినుంచి ఎముకతో చేసిన తాళంచెవి ఒకటి తీశాడు. అది మూరెడు పొడవుంది. ఇవ్వబోయి ఆగాడు.

"ఒక మాట. చెప్పకపోతే నాకు పాపం" అన్నాడు. "ఇది నా చేతినుంచి తీసుకుని 'పుచ్చుకున్నాను' అన్నవాడు, తన చేతినుంచి మరొకడు పుచ్చుకునేదాకా ఈ దిబ్బ దాటలేడు. సముద్రపు నీళ్ళలో ఎంతవరకు పెడితే అంతవరకు శిల అవుతాడు. మూడో ఏట నేనూ నమ్మలేదు." ఎడమకాలు ముందుకు చాపి చూపించాడు. చిటికెనవేలు నల్లరాయి అయిపోయి ఉంది. "చలికి సలుపుతుంది" అన్నాడు.

శరభుడు ఆ వేలు చూశాడు. రత్నకూటం, కంచుతలుపు, తను పోయాక దాన్ని తెరవడానికి మరొకడు లేకపోవడం, ఇవన్నీ వరసగా అతని ముందుకొచ్చాయి. అంతలో మంచులోంచి శంఖం వినబడింది. ఒకటి. రెండు. మూడు. దారి ఎలా ఉందని రాకుమారి అడుగుతోంది. ధ్వని అనుకున్నదానికన్నా చాలా దగ్గరగా ఉంది, పోటు ఓడల్ని రాళ్ళవైపు తోస్తున్నట్టుంది. జవాబివ్వడానికి అతని దగ్గర శంఖం లేదు.

"పుచ్చుకున్నాను" అని చెయ్యి చాపాడు.

తాళంచెవి అరచేతిలో పడగానే రెండు చీలమండల చుట్టూ చన్నీళ్ళ గొలుసు చుట్టుకున్నట్టయింది. దీర్ఘజంఘుడు మాత్రం భుజాల మీదినుంచి కొండ దించినట్టు నిట్టూర్చి, చేతులమీద పాక్కుంటూ వాకిలి దాటి, బయట నిలబడి ఒళ్ళు విరుచుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తరవాత అతని కాళ్ళు నిటారుగా నిలిచాయి. తల మేడ మూడో అంతస్తు కిటికీ దాకా వచ్చింది. ఆ కిటికీలోని పక్షులు లేచిపోయాయి. అతడు వాటిని పట్టించుకోకుండా అలలవైపు నడిచాడు.

"తాతా, దీపం ఎక్కడ?" అన్నాడు శరభుడు.

రాక్షసుడు కూర్చున్నచోట, గోడలో, ఇనుప తలుపు ఒకటి కనబడింది. తాళం తీయగానే లోపల పిడతంత రాగిచెంబు, దాని మూతికి ఏడుపేటల నల్లదారం. శరభుడు దారాన్ని పళ్ళతో కొరికి మూత తీశాడు. చెంబు అడుగున పిచుకంత నీలిమంట ఒకటి ముడుచుకుని ఉంది. గాలి తగిలి తలెత్తింది. కొలిమివాడు గనక శరభుడు దాన్ని తొందరపెట్టలేదు. మెల్లగా, పసివాడి కళ్ళ మీద ఊదినట్టు ఊదాడు. మంట పసుపురంగుకు తిరిగి నిలబడింది.

ఇద్దరూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. గంగులు ముందు వెళుతూ, "పదకొండోది ఊగుతుంది, దాటెయ్. ఇక్కడ తల వంచు. మూడో అంతస్తులో గోడ పట్టుకోకు, తేళ్ళుంటాయి" అని చెబుతూ పోయాడు. ఎక్కడా ఆగి చూడలేదు, ఎక్కడా తడబడలేదు.

నాలుగో అంతస్తులో శరభుడు అడిగాడు. "నీకివన్నీ ఎలా తెలుసు తాతా?"

"పదిహేడేళ్ళు ఇక్కడ దీపం వెలిగించింది నేనే" అన్నాడు గంగులు, ఆగకుండానే. "మంత్రగాడు వచ్చి, పోతావా, చస్తావా అన్నాడు. పోతానన్నాను. ఆ సాయంత్రం మా పేట పడవలు ఏడు తిరిగొస్తున్నాయి. దివ్వె కనబడలేదు. రెండు వచ్చాయి. మా తమ్ముడిది రాలేదు." కాసేపు మెట్లే ఎక్కాడు. "ఆమదం జాడీలు అయిదో అంతస్తులో ఉండాలి. మూతలకు లక్క వేశాను, చెడవు."

శరభుడు చెంబులోని మంటకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెనకే ఎక్కాడు.

జాడీలు ఉన్నాయి. ఆరో అంతస్తుకు మెట్లు మాత్రం లేవు. కప్పు కూలి మూడు నిలువుల ఖాళీ మిగిలింది. బయటి గోడకు పాతకాలపు ఇనుపమేకులు కొన్ని దిగగొట్టి ఉన్నాయి. శరభుడు చెంబును మెడకు కట్టుకుని, గంగులు తలపాగా భుజాన వేసుకుని, కిటికీలోంచి బయటికి వాలాడు.

మొదటి మేకు నిలిచింది. రెండోది నిలిచింది. మూడోది చేతిలోకి ఊడి వచ్చింది. ఒంటిచేత్తో వేలాడుతూ కింద చూస్తే మంచు తప్ప నేల లేదు. భయపడటానికి ఏమీ కనబడకపోవడం కూడా ఒక మేలే. ఊడిన మేకునే రాళ్ళ సందులో పొడిచి దాని మీద కాలు మోపాడు. అంతలో యాళి నోట్లో గూడు పెట్టిన సముద్రపు డేగ ఒకటి, తన పిల్లల కోసమే వచ్చాడనుకుని, రెక్కలతో వీపు మీద కొట్టింది. ముక్కుతో భుజాన్ని చీరింది. చెంబు ఒక్క ఊపు ఊగి మంట వాలిపోయింది. శరభుడు చేతుల్ని వదలలేక గడ్డాన్ని చెంబు మూతికి అడ్డం పెట్టాడు. గడ్డం వెంట్రుకలు సగం కాలిపోయాయి. మంట బతికింది. డేగ మళ్ళీ వచ్చేలోగా అతడు ఆరో అంతస్తు కిటికీలో తలకిందులుగా పడ్డాడు.

తలపాగా కిందికి జార్చి ముందు జాడీని, తరవాత ముసలాణ్ణి పైకి లాగాడు. జాడీ తేలిగ్గా వచ్చింది.

మంటపంలో ఏనుగు పడుకోదగ్గ కంచు ప్రమిద ఉంది. గంగులు ఆమదం పోసి, తలపాగాను నిలువునా చించి, పేని, వత్తి వేశాడు. చెంబును వంచగానే పిచుకంత మంట వత్తి మీదికి దూకి, పన్నెండేళ్ళ ఆకలితో నిలువెత్తు లేచింది.

వెలుగు మంటపం దాటలేదు. ప్రమిద వెనక నిలబెట్టిన కంచు అద్దం చిలుముపట్టి నాచు గోడలా ఉంది. వెలుగంతా దాని మీద పడి అక్కడే చచ్చిపోతోంది. కింద ఎక్కడో తెడ్ల చప్పుడు, ఓడ తాళ్ళు కిర్రుమనడం, సైనికుల మాటలు కూడా వినబడుతున్నాయి. మాటలు వినబడుతున్నాయంటే రాళ్ళు ఎంతో దూరంలో లేవు.

"చింతపండు కావాలి" అన్నాడు శరభుడు.

"ఇక్కడ చింతపండెక్కడిది?"

శరభుడు అన్నం మూటకేసి చూశాడు. అందులో ఉన్నది పులిహోర.

గంగులు మూటను రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు. "పొద్దుటినుంచి తినలేదు" అన్నాడు. మళ్ళీ శంఖం మోగింది, ఒకటి, రెండు, మూడు, ఈసారి మేడ మొదట్లోనే మోగినట్టు. గంగులు మూట విప్పి ఇచ్చాడు.

ఆ తరవాత శరభుడు చేసిన పని అతని తాత ముత్తాతలు చూస్తే మెచ్చుకునేవారు, ఆ తిండి వండినవారు చూస్తే ఏమనేవారో తెలియదు. గుప్పెడు పులిహోర, గుప్పెడు ఇసుక, చినిగిన ఉత్తరీయం. కిటికీల్లో గాలి పోసిన ఇసుకంతా ఊడ్చి తెచ్చాడు. గుండ్రంగా, అంచునుంచి నడుముకు, నడుమునుంచి అంచుకు రుద్దాడు. కంచు ఎక్కడ మొండికేస్తుందో, ఎక్కడ లొంగుతుందో అతని చేతులకు తెలుసు. భుజంనుంచి నెత్తురు కారుతున్నా చెయ్యి ఆగలేదు. మొదట అరచేతంత బంగారం బయటపడింది. తరవాత పళ్ళెమంత. తరవాత బండిచక్రమంత. రెండోవైపు గంగులు కూడా రుద్దుతున్నాడు. మధ్యలో ఒకసారి నోట్లో నాలుగు మెతుకులు వేసుకున్నాడు. శరభుడు చూడనట్టు ఊరుకున్నాడు.

వెలుగు అద్దంలోంచి బయటికి దూకింది.

ఐరావతం తొండం చాపినట్టు, పాలసముద్రంలో మందరపర్వతం దిగినట్టు, ఆ వెలుగు మంచును చీల్చుకుని సముద్రం చివరిదాకా పరుచుకుంది. దాని దారిలో మంచు కరిగిన వెన్నలా పక్కలకు తొలిగింది. ఆ తెల్లటి సొరంగంలో రంపాలరాళ్ళు వరసగా, నల్లగా, తడిగా నిలబడ్డాయి. వాటికి రెండు బాణాల వేటు దూరంలో హంసముఖం చెక్కిన ఓడ ముక్కు కనబడింది. అది రాకుమారి ఓడ. దాని ముందు కొసన తెల్లటి తలపాగా చుట్టుకుని, శంఖం చేతపట్టుకుని నిలబడ్డది ఆమే.

కువలయ పైకి చూసింది. అరఘడియ ఆలోచించే అలవాటు ఆమెకు లేదు. చెయ్యి ఎడమకు విసిరింది. చుక్కానివాడు ఒంటి బరువంతా వేసి తిప్పాడు. హంసముఖం రాళ్ళను రాసుకుంటున్నట్టే పోయి పక్కకు తిరిగింది. దాని వెనక రెండోది, మూడోది, వరసగా తిరిగాయి. పదకొండింటిలో పది తిరిగాయి. చివరిదానికి ఆలస్యమైంది. రాయి దాని పక్కటెముకల్ని పుచ్చకాయలా కోసింది. మిగతా ఓడలవాళ్ళు తాళ్ళు విసిరి మనుషుల్ని లాక్కోవడం పైనుంచి కనబడుతోంది. శరభుడు లెక్కపెట్టబోయి, మంచు అడ్డం రాగా మానుకున్నాడు.

"అందరూ ఎక్కినట్టేనా తాతా?"

"ఎక్కువమంది" అన్నాడు గంగులు. చాలాసేపటిదాకా కళ్ళు అక్కడినుంచి తిప్పుకోలేదు.

ఓడలు మలుపు తిరిగి రత్నకూటం వైపు తెరచాపలు విప్పుతున్నాయి. శరభుడు తన చీలమండలకేసి చూసుకున్నాడు. చన్నీళ్ళ గొలుసు అలాగే ఉంది.

"ఆ తాళంచెవి ఇలా ఇవ్వు" అన్నాడు గంగులు.

"వద్దు తాతా."

"కోట తలుపు తెరవడం నాకు వచ్చా?"

"రాదు."

"వత్తి కత్తిరించడం నీకు వచ్చా?"

శరభుడు వత్తికేసి చూశాడు.

"ఈ వత్తి జాముకొకసారి కత్తిరించాలి. తెలియనివాడు కత్తిరిస్తే మసి కడుతుంది. మసి కడితే నా పులిహోర వృథా." గంగులు ప్రమిద అంచున కూర్చుని మోకాళ్ళు నిమురుకున్నాడు. "నిన్ను ఇక్కడ వదిలి నేను ఆ ఓడ ఎక్కితే, రాకుమారి ముందు నిలబడి ఏం చెప్పను? ఒకసారి చెప్పాను నాయనా ఆ మాట, మా మరదలి ముందు నిలబడి. రెండోసారి చెప్పలేను."

శరభుడు అద్దంలో తమ ఇద్దరి నీడలూ చూస్తూ నిలబడ్డాడు. తరవాత వంగి ముసలాడి పాదాలకు దణ్ణం పెట్టి, తాళంచెవి అందించాడు.

"పుచ్చుకున్నాను" అన్నాడు గంగులు. శరభుడి కాళ్ళు తేలికయ్యాయి. ముసలాడు ఒకసారి పాదాలు కదిపి చూసుకుని, "చల్లగానే ఉంది. వాపుకు మంచిది" అని, మంటకు చుట్ట ముట్టించుకున్నాడు. మొదటి పొగ వదిలాక, "చేపలకు గాలం పంపించమని చెప్పు రాకుమారితో" అన్నాడు. "పీతలు నాకు పడవు."

శరభుడు మెట్లు దిగాడో, దూకాడో అతనికే తెలియదు. ఒడ్డుకు వచ్చేసరికి దీర్ఘజంఘుడు గొంతుదాకా సముద్రంలో కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. గడ్డంలోని పీతలు తమ దారి తాము చూసుకున్నాయి.

"దీర్ఘజంఘా" అన్నాడు శరభుడు. "నీతో నిజం చెప్పాలి. నేను కరాళకేతుడి మనిషిని కాను. ఆయన్ను దించడానికి వెళుతున్న ఓడలవి. నన్ను అక్కడికి చేర్చగలవా?"

రాక్షసుడు ఒక కన్ను తెరిచాడు. "అయితే సంకేతవాక్యం మార్చలేదా?"

"నాకు తెలియదు. అసలు అదేమిటో కూడా తెలియదు."

దీర్ఘజంఘుడు ఆ సంగతిని నలుదిక్కులా తిప్పి చూసుకున్నాడు. దానికి కాస్త సమయం పట్టింది. "ఆరు నెలలని నిజంలా చెప్పి పన్నెండేళ్ళు కూర్చోబెట్టినవాడు ఒకడు" అన్నాడు. "అబద్ధమాడి అరఘడియలో విడిపించినవాడు ఒకడు. మా కులంలో ఇలాంటి చిక్కులుండవు. ఆకలేస్తే తింటాం, లేకపోతే ఊరుకుంటాం." లేచి నిలబడ్డాడు. నీళ్ళు జలపాతాల్లా కారాయి. "ఓడలో తిండేమిటి?"

"జొన్నరొట్టెలు. పప్పు."

"పీతలు?"

"ఉండవు."

రాక్షసుడు వంగి, శరభుణ్ణి కొంగను పట్టుకున్నట్టు పట్టుకుని భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. రంపాలరాళ్ళను గడపలు దాటినట్టు దాటుతూ సముద్రంలోకి నడిచాడు. వెనక దివ్వెమేడ వెలుగు దారి చూపిస్తోంది. నీళ్ళు అతని నడుము దాటాయి, ఛాతీ దాటాయి. హంసముఖం ఓడ ఇంకా అరక్రోసు దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడు మంచు తెర చినిగి, తెడ్లు గానీ తెరచాప గానీ లేని నల్లటి పడవ ఒకటి వాళ్ళకూ ఓడకూ నడుమ వచ్చి నిలిచింది. దాని అంచుల చుట్టూ కపాలాలు గుచ్చి ఉన్నాయి. ప్రతి కపాలం నోట్లోంచీ మంచు పొగలా వెలువడుతోంది. మధ్యన పులితోలు మీద పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఎముకల కిరీటం, నాగబెత్తం, మోకాళ్ళ దాకా జడలు, రెప్పవేయని పసుపుపచ్చ కళ్ళు. కరాళకేతుడు దివ్వెమేడకేసి ఒకసారి చూశాడు. తరవాత రాక్షసుడి కేసి చూశాడు.

"దీర్ఘజంఘా" అన్నాడు, గొంతు పెంచకుండానే. "ఎవరి ఆజ్ఞతో చోటు వదిలావు?"

దీర్ఘజంఘుడు అబద్ధం నేర్వనివాడు. భుజం మీదికి వేలు చూపించాడు.

మాంత్రికుడి కళ్ళు శరభుడి మీదికి వచ్చాయి. సగం కాలిన గడ్డం, చిరిగిన భుజం, ఒంటినిండా పులిహోర వాసన. కరాళకేతుడు నాగబెత్తం ఎత్తాడు. దాని కొనన ఉన్న పాము నాలుక చాపి నిప్పులు కక్కడం మొదలుపెట్టింది. మంత్రానికి తొమ్మిది మాటలుంటాయి. ఆయన మొదటిది పలికాడు.

శరభుడు వంగి రాక్షసుడి చెవిలో అడిగాడు. "ఇక్కడ లోతెంత?"

"నాకు భుజాలదాకా."

కరాళకేతుడు నాలుగో మాట పలికాడు.

"ఆయనకు ఈత వచ్చా?"

దీర్ఘజంఘుడు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. అటువైపు ఏడో మాట పూర్తయింది.

"ఎప్పుడూ నీళ్ళలో దిగగా చూడలేదు" అన్నాడు.

"అయితే ఆ పడవ అంచు పట్టుకో" అన్నాడు శరభుడు, "పట్టుకుని బోర్లా తిప్పు."